వార్షిక నివేదిక: కంప్యూటర్ సహాయ విభాగం

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మా ఫిర్యాదుల రిజిస్టర్ తిరగేస్తే పేజీ పేజీకీ కనిపించే మాట ‘సర్వర్ డౌన్’. తీరా వెళ్లి చూస్తే సర్వర్ మాత్రం దాదాపు ప్రతిసారీ చక్కగా నడుస్తూనే ఉంది.

మమ్మల్ని బాగా తిప్పలు పెట్టింది ఒక పాత కంప్యూటర్. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ కాదు. పాస్‌వర్డ్ మార్చాం, కేబుల్ మార్చాం, విండోస్ మళ్లీ వేసేద్దామా అనే దాకా వెళ్లాం. కారణం మదర్‌బోర్డు మీద ఉండి కంప్యూటర్ గడియారాన్ని నడిపించే సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోవడంతో కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. డొమైన్ లాగిన్‌కి, అంటే ఆఫీసు సర్వర్ ద్వారా జరిగే లాగిన్‌కి, వాడే కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతిలో, సెట్టింగ్ మార్చకపోతే, కంప్యూటర్‌కూ సర్వర్‌కూ టైమ్ తేడా 5 నిమిషాలు దాటకూడదు. తలవంపులేమిటంటే, టైమ్‌లో తేడా ఉందని స్క్రీన్ మీద మొదటి నుంచీ మెసేజ్ వస్తూనే ఉంది. చదివినవాళ్లు లేరు.

డీఎన్‌ఎస్ (పేరు చెబితే దాని నెట్‌వర్క్ అడ్రస్ వెతికిపెట్టే సేవ) విషయంలో తప్పు పూర్తిగా మాదే. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందంటే మావాళ్లే కొన్ని కంప్యూటర్లలో డీఎన్‌ఎస్ 8.8.8.8 అని, అంటే గూగుల్ వాళ్ల డీఎన్‌ఎస్, పెట్టి వచ్చారు. వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి, అందరూ సంతోషించారు. కానీ ఆఫీసు లోపలి సర్వర్ల పేర్లు బయటి డీఎన్‌ఎస్‌కి తెలియవు. షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోక, లాగిన్‌లకు యుగాలు పట్టి, ఒకటే టెన్షన్. అన్నిటినీ మళ్లీ డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు చూసే ఆఫీసు సర్వర్) అడ్రస్‌కే మార్చాం.

ఇంకోసారి సగం మందికే నెట్‌వర్క్ వచ్చింది. ఎవరో వైఫై సరిపోవట్లేదని ఒక రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కి తగిలించారు. ఆఫీసు సర్వర్‌తో పాటు అది కూడా ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఇచ్చే నంబర్లు) పంచడం మొదలుపెట్టింది. ముందుగా ఎవరిచ్చిన అడ్రస్ అందితే కంప్యూటర్ అదే తీసుకుంటుంది. ‘ఐపీకాన్ఫిగ్’ అనే కమాండ్ కొట్టి గేట్‌వే (కంప్యూటర్ బయటి నెట్‌వర్క్‌కి వెళ్లే దారి) అడ్రస్ చూస్తే దొంగ దొరికాడు. అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం కథ వేరు: అడ్రస్ ఇచ్చేవాళ్లెవరూ దొరకలేదని అర్థం. అప్పుడు ముందు కేబుల్, స్విచ్, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సేవ) చూడాలి.

అకౌంట్ లాక్ అవుతోందన్న ఫిర్యాదులు ఎక్కువగా పాస్‌వర్డ్ మార్చిన మర్నాడే వచ్చాయి. ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయి, మెయిల్ యాప్ దాన్నే పదేపదే పంపుతూ ఉంటుంది.

విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఇంకా అదే నడుస్తున్న కంప్యూటర్లను మార్చడమే మా ముందున్న పెద్ద పని. ఒక మనవి కూడా ఉంది. మాకు ఫోన్ చేసే ముందు స్క్రీన్ మీది మెసేజ్ మూసేయకుండా ఒక ఫోటో తీసి ఉంచండి. ఈసారి మేమూ చదువుతాం.