సాయం పంపితే చాలదు, లెక్క కూడా చెప్పాలి

సంపాదకులు గారికి,

మయన్మార్ భూకంపానికి మన దేశం సాయం పంపిందని మీ పత్రికలో పెద్ద ఫొటోతో వేశారు. సంతోషమే. 2025 మార్చి 28న భూకంపం వస్తే మర్నాటికే మన విమానం 15 టన్నుల సామానుతో యాంగోన్‌లో దిగింది, మాండలేలో మన సైన్యం ఆసుపత్రి తెరిచింది. కానీ దించిన సామాను ఎవరి చేతికి వెళ్లింది, అక్కడికే వచ్చిన చైనా, రష్యా బృందాలతో మనవాళ్లు పని ఎలా పంచుకున్నారు అన్నది ఒక్క ముక్క రాయలేదు. ఆ తర్వాత ఆ ఊసే లేదు.

అమెరికా 2025లో విదేశీ సాయానికి చాలావరకు కోత పెట్టేసింది. ఇక ఆ బరువు భారత్, చైనా, యూఏఈ, తుర్కియే లాంటి దేశాల మీద పడుతుంది. ఎవరికి వారే జెండా పట్టుకుని పోతే ఏమవుతుందో 2015లో నేపాల్ భూకంపమప్పుడు ఖాట్మండులో చూశాం. అక్కడి అంతర్జాతీయ విమానాశ్రయంలో ఉన్నది ఒకే ఒక్క రన్‌వే. అన్ని దేశాల విమానాలూ ఒక్కసారే వచ్చిపడితే కొన్ని గాల్లో చక్కర్లు కొట్టి వెనక్కి పోయాయి, చివరికి రన్‌వే దెబ్బతిని 196 టన్నులు దాటిన విమానాలు దిగడానికి వీల్లేదన్నారు. కొండల్లో ఊళ్లకు ఊళ్లు కూలిపోయి జనం ఆరుబయట పడుకుంటున్న రోజులవి!

అఫ్ఘానిస్తాన్‌కు 50,000 టన్నుల గోధుమలు ఇస్తామని మనం 2021 అక్టోబరులో అంటే, పాకిస్తాన్ మీదుగా ఎవరి లారీల్లో పోవాలన్న దగ్గరే చలికాలమంతా గడిచిపోయింది. అఫ్ఘాన్ లారీలే మన పంజాబ్ సరిహద్దులోని అట్టారీకి వచ్చి ఎక్కించుకుని, అక్కడి జలాలాబాద్‌లో ఐక్యరాజ్య సమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించేలా మాట కుదిరి, మొదటి లారీ కదిలేసరికి 2022 ఫిబ్రవరి 22. పడని దేశాల మధ్య కూడా కుదిరిన ఆ ఏర్పాటును ముందే రాసి పెట్టుకుంటే వచ్చే ఆపదలో నాలుగు నెలలు పోవు కదా?

పుచ్చుకోవడంలోనూ మనది ఇదే తీరు. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఏప్రిల్ చివరి నుంచే విదేశీ ఆక్సిజన్ పరికరాలు దిగుతుంటే, ఏ రాష్ట్రానికి ఎన్ని అన్న పద్ధతి మే 2 దాకా తేలలేదు. 2024లో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ లోపలి వీధులకు మంచినీళ్లు కూడా అందక జనం ఎంత అల్లాడారో చెప్పక్కర్లేదు. అధికారులకు విమానం ఎక్కించే రోజు మీద ఉన్న శ్రద్ధ పంచే రోజు మీద ఉండదు.

విదేశాంగ శాఖలో ఈ పనులకని 2012లోనే ప్రత్యేక విభాగం పెట్టారు. ఏ దేశానికి ఏం పంపాం, ఎవరికి చేరింది, ఎంత ఖర్చయిందన్నది ఆ విభాగం మూడు నెలల్లో జనం ముందు పెట్టాలి. ఐక్యరాజ్య సమితి లెక్కల్లోనూ ఎప్పటికప్పుడు రాయించాలి. మన పార్లమెంటు సభ్యులు ఈ విషయం సభలో గట్టిగా అడగాలి. మీరు కూడా మీ ఢిల్లీ విలేకరి చేత మయన్మార్ సామాను సంగతి అడిగించి, వచ్చిన జవాబు ఆ ఫొటో వేసిన చోటే వేయండి.

- ఒక పాఠకుడు, తెనాలి