తెరపై బొమ్మ సరే, తలతో సరిపోల్చేదెలా?

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ తెరపై చూసుకుంటూ చేసే మెదడు శస్త్రచికిత్సల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. స్కాన్ చిత్రాల గురించి విపులంగా రాసిన వ్యాసకర్త, ఆ చిత్రాన్ని బల్లపై పడుకున్న రోగి తలతో ఎలా సరిపోలుస్తారన్నది ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ సరిపోలిక తప్పితే ఎంత స్పష్టమైన ఎంఆర్ఐ అయినా సర్జన్‌ను తప్పు చోటికే తీసుకువెళ్తుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

చిత్రంలోనూ, తల మీదా ఒకే బిందువులను గుర్తించి, రెంటినీ కలపడాన్ని వైద్యులు రిజిస్ట్రేషన్ అంటారు. ఇందుకు ఒకే గీత మీద లేని బిందువులు కనీసం మూడు కావాలి. చర్మానికి అతికించే గుర్తులతో పని సులువే గానీ, స్కాన్ తీసిన తరువాత తలను బిగించేటప్పుడు చర్మం ఎముక మీద జరుగుతుంది. పుర్రె ఎముకలోనే బిగించిన చిన్న మరలకు ఆ ఇబ్బంది లేదు. మిల్లీమీటరు లోపు కచ్చితత్వం వాటితో సాధ్యమవుతుంది. కాకపోతే అవి చర్మం బయటికి పొడుచుకు వచ్చి ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం, లోపలే ఉంటే వాటిని అందుకోవడానికి మళ్లీ కోత.

అల్ట్రాసౌండ్ విలువ ఇక్కడే తెలుస్తుంది. గుర్తును పూర్తిగా చర్మం కింద ఉంచేసి, పైనుంచి ధ్వని తరంగాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దాని లోతు లెక్కిస్తారు. తరంగాన్ని పంపే పరికరం (ప్రోబ్) ఎక్కడ, ఏ వాలులో ఉందో కెమెరాలు కనిపెడుతూ ఉంటాయి. 1990లలోనే పరిశోధకులు ఈ పద్ధతిని పరీక్షించారు. రేడియేషన్‌లాగా పలు విడతల్లో చేసే చికిత్సలకు ప్రతిసారీ కోత అక్కరలేకుండా అవే గుర్తులను వాడుకోగలగడం రోగికి ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

అయితే లెక్కంతా ధ్వని వేగం మీద నడుస్తుంది. మెత్తని కణజాలంలో సగటున సెకనుకు 1,540 మీటర్లని పరికరాలు అనుకుంటాయి, కొవ్వులో అది దాదాపు 1,450 మాత్రమే. 5 మిల్లీమీటర్ల లోతున్న గుర్తు నుంచి ప్రతిధ్వని సుమారు 6.5 మైక్రోసెకన్లలో వస్తుంది. ఆ మందమంతా కొవ్వే అయితే లోతు లెక్క 0.3 మిల్లీమీటర్ల దాకా తప్పవచ్చు. ఇది పెద్ద తేడా కాదు, కానీ మిల్లీమీటరు లోపు కచ్చితత్వం గురించి మాట్లాడేటప్పుడు పక్కన పెట్టదగినదీ కాదు. పుర్రె నుంచి కూడా బలమైన ప్రతిధ్వని వస్తుంది కాబట్టి, గుర్తును దాని నుంచి వేరుగా పోల్చుకునేలా తయారు చేయడం మరో సవాలు.

మరొక సంగతి కూడా పాఠకులకు తెలియాలి. గుర్తులు ఎంత బాగా కలిశాయో చూపుతూ తెరపై కనిపించే అంకె, లోపలి కణితి దగ్గర ఉండే పొరపాటును చెప్పదు. ఆ పొరపాటు గుర్తుల అమరికను బట్టి, వాటికి కణితి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. పైగా మెదడు పొరను తెరిచాక ద్రవం బయటికి పోయి మెదడే కొంత కుంగుతుంది, ఆ కదలికను ఎముకలోని గుర్తు పట్టలేదు.

న్యూరోసర్జన్లతోనూ, వైద్య పరికరాల ఇంజినీర్లతోనూ ఈ విషయంపై మరో వ్యాసం రాయించి, శస్త్రచికిత్సకు ముందు రోగి కుటుంబం వైద్యులను ఏమేమి అడిగి తెలుసుకోవచ్చో అందులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు