గడియారం సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు

పోయిన శనివారం సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నా హీల్స్‌లో ఒకదాని మడమ ఊడిపోయింది. నేను మగవాణ్ణే. మూడంగుళాల హీల్స్ వేసుకుని నడవడం నాకు ఇష్టం. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లు దర్జాగా తొడిగాడు. అంతకుముందు పర్షియా రౌతులు రికాబులో పాదం జారకుండా ఉండాలని మడమ బూట్లు వాడారు. ఇదంతా నాకు తెలుసు. కానీ ఒంటి చెప్పుతో నడిరోడ్డు మీద నిలబడ్డప్పుడు, పక్కన కుర్రాళ్లు నవ్వుతూ ఫోన్లు తీస్తుంటే, అవేవీ గుర్తుకు రాలేదు. చేతులు వణికాయి.

మీరు గొడుగు కింద నుంచి పిలిచారు. "ఇటు రా బిడ్డా, కూసో." మీ సొంత చెప్పులు విడిచి నా కాళ్ల ముందు పెట్టారు. ఎవరివని అడగలేదు, ఎందుకు వేసుకున్నావనీ అడగలేదు. పాత జిగురంతా గీకి, కొత్తది పూసి, లోపల నుంచి మొలలు దిగ్గొట్టారు. బాగున్న రెండోదానికీ కొట్టారు. "ఇది గూడ రేపో మాపో ఊడుతది" అన్నారు. తర్వాత దారంతో రెండు మడమల ఎత్తూ కొలిచారు.

"జెర నడువు, సూస్త."

అందరి ముందూ నడిచాను. మీరు నా నడకనే చూశారు. ఎడమ పాదం బయటికి వాలుతోందని పట్టుకుని, లోపల చిన్న తోలుముక్క అతికించారు. అన్నాళ్లుగా నొప్పి ఎందుకో నాకే తెలియదు.

నలభై రూపాయలు తీసుకున్నారు. మీ పేరు అడగడం మరిచిపోయాను పెద్దనాయనా. నిన్న బస్టాండు దాకా అవే వేసుకుని నడిచాను, కాలు నొవ్వలేదు.