ప్రోగ్రాం ఆడితే మార్కులేనా?

సంపాదకుల వారికి,

ఏసీ సర్క్యూట్ల లెక్కలు పైథాన్ ప్రోగ్రాముల్లో చేయించే ఇంజనీరింగ్ కాలేజీలు గుంటూరు, విజయవాడల్లో ఉన్నాయి. మంచిదే. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ తరంగాన్ని సంకీర్ణ సంఖ్యగా (దీన్నే ఫేజర్ అంటారు) రాసుకుంటే త్రికోణమితి తిప్పలుండవని ఇంజనీరు స్టైన్‌మెట్జ్ 1893లోనే షికాగోలో చెప్పాడు. మా అభ్యంతరమల్లా ల్యాబ్‌లో మార్కులు వేసే తీరు మీదే. ఎర్రర్ లేకుండా ఆడితే మార్కులు పడిపోతున్నాయి. మైనస్ 1 వర్గమూలాన్ని సూచించే జె ముందు 1 పెట్టకపోతే పైథాన్ వెంటనే అరుస్తుంది, ఆ తప్పుతో బాధ లేదు. అసలు తప్పులు అరవవు, నున్నగా ఒక అంకె ఇచ్చి ఊరుకుంటాయి.

230 వోల్టులు, 50 హెర్ట్జ్ సప్లైకి 20 ఓమ్‌ల రెసిస్టర్, 0.05 హెన్రీల కాయిల్ సిరీస్‌లో ఉన్నాయనుకోండి. కాయిల్ రియాక్టెన్స్ (ఏసీని అడ్డుకునే గుణం) 15.7 ఓమ్‌లు. కరెంటు 9.04 ఆంపియర్లు, వోల్టేజీకి 38.1 డిగ్రీలు వెనక. వోల్టేజీని కరెంటు కాంజుగేట్‌తో (కోణం గుర్తు తిప్పిన సంఖ్యతో) గుణిస్తే 1636 వాట్లు (నిజంగా ఖర్చయ్యే పవర్), 1285 వార్లు (వచ్చిపోయే రియాక్టివ్ పవర్) రావాలి. కాంజుగేట్ మరిచిపోతే వాట్లు అలాగే ఉంటాయి, 1285 ముందు మాత్రం మైనస్ చేరుతుంది. మైనస్ వార్లు కెపాసిటర్ లక్షణం, అంటే కాయిల్ కాస్తా కెపాసిటర్ అయి కూర్చుంది! పవర్ ఫ్యాక్టర్ (మొత్తం వోల్ట్-ఆంపియర్లలో వాట్ల వంతు) సరిచేయడానికి 77 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ప్యారలల్‌గా పెట్టాల్సిన చోట, అసలు అక్కర్లేదంటుంది ప్రోగ్రాం. రేపు ఈ పిల్లలే మన మిర్చి కోల్డ్ స్టోరేజీల కంప్రెసర్లకు కెపాసిటర్ బ్యాంకులు లెక్కగట్టాలి.

దీన్ని పట్టుకోవడం తేలిక. సప్లై కోణాన్ని 0 నుంచి 30 డిగ్రీలకు మార్చి మళ్లీ ఆడించండి. కాలాన్ని ఎక్కడినుంచి కొలిచినా సర్క్యూట్ తినే పవర్ మారదు కాబట్టి వాట్లు 1636 దగ్గరే ఉండాలి. కాంజుగేట్ లేని ప్రోగ్రాం 1931 చూపిస్తుంది.

రెండోది డిగ్రీల గొడవ. పరిమాణం, కోణం ఇస్తే సంకీర్ణ సంఖ్య తయారుచేసే, పైథాన్ సీమ్యాథ్ లైబ్రరీలోని రెక్ట్ ఫంక్షన్‌కు కోణం రేడియన్లలో ఇవ్వాలి. 120 అని నేరుగా ఇస్తే అది 35.5 డిగ్రీల దగ్గర తేలుతుంది. 0, 120, మైనస్ 120 కోణాలతో మూడు ఫేజ్‌ల వోల్టేజీలు కూడించండి, సున్నా రావాల్సింది 604.5 వోల్టులు వస్తుంది. సరిగ్గా రాసినా కచ్చితంగా సున్నా రాకపోవచ్చు, దశాంశాల చివర కాస్త చెత్త మిగులుతుంది. అందుకే సున్నాకు సమానమా అని కాక, పరిమాణం 10⁻⁹ కంటే తక్కువా అని అడగాలి. ఆ చెత్తకు కోణం అడిగితే వచ్చే జవాబుకు అర్థమే లేదు.

సీ భాషలో రాసేవాళ్లు కోణం కనుక్కోవడానికి ఏటాన్ బదులు, రెండు భాగాల గుర్తులూ చూసే ఏటాన్2 వాడాలి, లేకపోతే మైనస్ 3 ప్లస్ 4జె కోణం 126.9 కాక మైనస్ 53.1 అని వస్తుంది. మాట్‌ల్యాబ్‌లో కొటేషన్ గుర్తుతో ట్రాన్స్‌పోజ్ చేస్తే (అడ్డు వరుసల్ని నిలువు చేస్తే) చెప్పకుండానే కాంజుగేట్ అయిపోతుంది, అది వద్దంటే ఆ గుర్తు ముందు చుక్క పెట్టాలి. ఆర్ఎంఎస్ (సగటు ప్రభావపు) విలువ 230 బదులు 325 పీక్ (గరిష్ఠ) విలువ పెట్టి సగం చేయడం మరిస్తే వాట్లు రెట్టింపు. ఫ్రీక్వెన్సీలు వేరైతే ఫేజర్లను కూడకూడదు, కానీ 50, 150 హెర్ట్జ్ ఫేజర్లను కూడమన్నా కంప్యూటర్ కాదనదు, కూడేస్తుంది.

ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్లకు మా విన్నపం ఒక్కటే: రికార్డులో 0, 30 డిగ్రీల ప్రింటవుట్లు రెండూ పక్కపక్కనే అంటించమనండి. వోల్టేజీ, కరెంటు కోణాలన్నీ 30 చొప్పున జరిగి, వాట్లు, వార్లు కదలకుండా ఉంటేనే సంతకం పెట్టండి.

– ఇద్దరు ఎలక్ట్రికల్ అధ్యాపకులు, బ్రాడీపేట, గుంటూరు