వార్షిక నివేదిక: లైబ్రేరియన్ గారు లేని ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ముందుగా వచ్చే సమావేశాలు, జమాఖర్చులు ఈసారి చివరికి వెళ్లాయి. మన కళాశాలలో అరుదైన పుస్తకాల విభాగాన్ని దశాబ్దాల పాటు కాపాడుకొచ్చిన లైబ్రేరియన్ గారు ఈ ఏడాది కన్నుమూశారు. ఆ తర్వాత సంఘం చేసిన పనంతా దాదాపు ఆవిడ సగంలో వదిలిన పనే.

సంస్మరణ సభలో మాట్లాడిన పాత విద్యార్థుల్లో చాలామంది తాము తిన్న చీవాట్లతోనే మొదలుపెట్టారు. జేబులో పెన్ను కనిపిస్తే గుమ్మం దగ్గరే తీసేసుకుని పెన్సిలు ఇచ్చేవారు. తెల్ల తొడుగులు వేసుకొస్తే తీయించి, చేతులు కడుక్కుని బాగా తుడుచుకు రమ్మనేవారు. తొడుగు వేస్తే వేలికి స్పర్శ తెలియదు, పెళుసుబారిన పుట చిరుగుతుంది. పాత ఫోటోలను పట్టుకోవాలంటే మాత్రం తొడుగులు వేసుకోవలసిందే.

ఆవిడ దిగులంతా మరీ పాత పుస్తకాల గురించి కాదు. గుడ్డపీలికలతో చేసిన 16వ శతాబ్దపు కాగితం ఇప్పటికీ వంగుతుంది. 1850 తర్వాత కలప గుజ్జుతో, పటిక కలిపి చేసిన కాగితం తనలోని ఆమ్లంతో తానే పసుపెక్కి పొడి రాలుతుంది. అందుకే ఈ ఏడాది మన స్వచ్ఛంద సభ్యులు 19వ శతాబ్దం చివరి పుస్తకాల అరలతో మొదలుపెట్టి, ఆమ్లం లేని అట్టతో పెట్టెలు చేశారు. చూసినవాళ్లు 'ఇవేం అరుదైనవి?' అన్నారు. వరస ఆవిడ రాసిపెట్టిందే, మార్చలేదు.

అసలు నిధి ఆవిడ చీటీలు. ఏ ప్రతిలో ఏ ఆకు లేదు, అట్ట లోపలి సంతకం ఎవరిది, అంచున రాతలు ఎన్ని చేతులవి, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఒకే ముద్రణకు రెండు ప్రతులుంటే ఒకటి తీసేద్దామన్న మాట ఒకప్పుడు వచ్చింది. ఆవిడ ఒప్పుకోలేదు. చేతి ముద్రణ రోజుల్లో అచ్చు నడుస్తుండగానే తప్పులు దిద్దేవారు, దిద్దకముందు తీసిన కాగితాలను కూడా పారేయకుండా కుట్టేసేవారు. అందుచేత రెండు ప్రతులు అక్షరం అక్షరం ఒకటే కావాలని లేదు. ఈ వివరాలేవీ కేటలాగులో లేవు. వాటిని ఎక్కించే పని మొదలైంది, సగం కూడా కాలేదు. ఆవిడ దస్తూరీ చదవడం, నిజం చెప్పాలంటే, లాటిన్ చదవడం కంటే కష్టంగా ఉంది.

తేమ రిజిస్టరు ఆగలేదు. వంతులవారీగా సభ్యులే రాస్తున్నారు. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజుకు దారి ఇచ్చినట్టే కాబట్టి దీన్ని వదిలిపెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఆవిడ ఉద్యోగం మాత్రం ఇంకా భర్తీ కాలేదు. అరుదైన పుస్తకాల పని తెలిసినవారినే తీసుకోవాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా కోరాం.

సర్వసభ్య సమావేశం జరిగింది, లెక్కలు ఆమోదం పొందాయి, కార్యవర్గం మారలేదు.

ఒక మనవి. ఆవిడ రాసిన ఉత్తరాలు, చీటీలు మీ దగ్గరుంటే నకలు తీసుకుని తిరిగిస్తాం. చిరిగి ఉంటే టేపు అంటించకండి, దాని జిగురు కాగితంలోకి ఇంకి మరక కడుతుంది. గోధుమ గంజితో, పల్చటి జపాన్ కాగితంతో అతికితే ఎప్పుడైనా తడిపి తీయవచ్చు, అది మేం చూసుకుంటాం. ఇప్పటికే టేపు వేసి ఉంటే పీకకుండా అలాగే తీసుకురండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి