మన స్కేల్ మోడలింగ్ క్లబ్ వార్షిక నివేదిక: ఏడాదంతా రంగుల మీదే

మెంబర్లందరికీ నమస్కారం. పోయినేడాది జనరల్ బాడీలో ఎక్కువమంది అన్నది ఒకటే మాట, ప్లాస్టిక్ కిట్ విమానాల్ని అతికించడం వచ్చేసింది గానీ రంగు దగ్గరకొచ్చేసరికి మోడల్ పాడైపోతోంది, దీని సంగతి చూడండి అని. అందుకే కమిటీ మిగతావన్నీ పక్కనపెట్టి ఏడాది మొత్తం పెయింటింగ్, ఫినిషింగ్ కే ఇచ్చేసింది.

గ్రూప్ బిల్డ్ కి, అంటే అందరం కలిసి కట్టేదానికి, అందరికీ ఒకటే కిట్ పెట్టాం, 1/72 స్పిట్‌ఫైర్. అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం, అసలు సైజులో 72వ వంతు. ఒకటే ఎందుకంటే పక్కపక్కన పెడితే ఎవరిది ఎక్కడ తేడా కొట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 11.23 మీటర్లు, మన చేతిలో 15.6 సెంటీమీటర్లే. మొదటి మీటింగ్‌లోనే మనలో ఒక పెద్దాయన కాగితం మీద లెక్కేసి చూపించారు, పెయింట్ మందం 0.1 మిల్లీమీటర్ ఉంటే అసలు సైజులో అది 7.2 మిల్లీమీటర్లు అవుతుంది, అంత మందాన రంగు పూసిన విమానం ఎక్కడైనా ఉంటుందా అని. ఆ తర్వాత ఒకే కోట్‌లో కప్పేద్దామని ఎవరూ చూడలేదు. నన్నడిగితే ఏడాది మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చింది ఆ కాగితమే.

కిట్ పార్టులు సబ్బు నీళ్ళతో కడగడం, అతుకుల్ని 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తో మొదలెట్టి 1000 దాకా రుద్దడం, గ్రే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టి మిగిలిన గీతలు వెతకడం, ఇవి మీకు తెలిసినవే, రెండు మీటింగుల్లో అయిపోయాయి. ఎయిర్ బ్రష్ కి, అంటే గాలి ఒత్తిడితో రంగు చల్లే చిన్న గన్ కి మాత్రం చాలా టైమ్ పట్టింది. క్లబ్ గన్ నాజిల్ 0.3 మిల్లీమీటర్, ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య పెట్టుకున్నాం, పెయింట్ పాలలాగా పల్చగా కలిపితే బాగా వచ్చింది. గన్ మరీ దూరం పెడితే పెయింట్ గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది, మరీ దగ్గరైతే కారిపోతుంది, ఆ మధ్య దూరం చేతికి అలవాటు కావాల్సిందే, చెప్తే వచ్చేది కాదు. అందుకే పాత ప్లాస్టిక్ స్పూన్ల మీద వారాల తరబడి కొట్టించాం, విసుక్కోకుండా చేసిన కుర్రాళ్ళకి థాంక్స్.

కలర్ స్కీమ్ మీద వాదన బాగానే నడిచింది. 1941 ఆగస్టులో ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) పగటి ఫైటర్ విమానాల మీద డార్క్ ఎర్త్ అనే గోధుమ రంగు తీసేసి ఓషన్ గ్రే పెట్టారు, డార్క్ గ్రీన్ అలాగే ఉంది, విమానం కింది వైపు స్కై అనే రంగు పోయి మీడియమ్ సీ గ్రే వచ్చింది. ఎవరి విమానం ఏ సంవత్సరానిదో ముందు తేల్చుకుని రంగు ఎంచుకోమన్నాం, అంతే.

ఎక్కువమందికి దెబ్బ తగిలింది డీకాల్స్ దగ్గర, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే పల్చటి గుర్తుల దగ్గర. రౌండెల్ (విమానం మీది గుండ్రటి గుర్తు) అంటించి ఆరాక లైటు కింద వంచి చూస్తే చుట్టూ చేప పొలుసులా వెండి మెరుపు, ఎంత బాగా రంగు వేసినా అది స్టిక్కరేనని అరిచి చెప్తున్నట్టు ఉంటుంది. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ పైన కంటికి కనపడని గరుకు ఉంటుంది, ఆ గుంటల్లో గాలి ఇరుక్కుని మెరుస్తుంది. ముందే రంగులేని నున్నటి క్లియర్ కోట్ వేసి, అది బాగా ఆరాక డీకాల్ పెట్టి, దాన్ని మెత్తబరిచే సాఫ్ట్నర్ రాస్తే ప్యానెల్ గీతల్లోకి కూడా దిగిపోయింది. ఆల్రెడీ మెరుపు వచ్చినవాళ్ళు సన్నటి సూదితో అక్కడక్కడా గుచ్చి మళ్ళీ సాఫ్ట్నర్ పెట్టారు, చాలావాటికి పోయింది.

ఇంక నాకు జరిగింది కూడా రాస్తాను, రికార్డులో ఉండాలి. నా స్పిట్‌ఫైర్ కి అన్నీ అయిపోయాయి, చివరి మ్యాట్ క్లియర్ ఒక్కటే మిగిలింది, బయట వాన, గాలంతా తేమ, అయినా ఆగలేక స్ప్రే క్యాన్ తో కొట్టేశాను. పది నిమిషాల్లో రెక్కలంతా బూడిద చల్లినట్టు తెల్లబడింది. రెండు నెలల పని కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాన తగ్గాక మనవాళ్ళు చెప్పినట్టు పైన నున్నటి క్లియర్ పల్చగా వేస్తే చాలావరకు రంగు తిరిగొచ్చింది, కానీ ఎడమ రెక్క మూలన ఇంకా మసకగానే ఉంది. అందుకే కమిటీ తీర్మానం, తేమ ఎక్కువున్న రోజు క్లబ్ స్ప్రే బూత్‌లో క్లియర్ కోట్ కొట్టనివ్వం, ఎవరడిగినా సరే. లాకర్ (ఘాటైన సాల్వెంట్ ఉన్న పెయింట్) వాడేటప్పుడు ఎగ్జాస్ట్ ఆన్‌లో ఉండాలి, ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్ ఉన్న మాస్క్ తప్పనిసరి, మామూలు గుడ్డ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు.

చందాల డబ్బులో ఎక్కువ భాగం కంప్రెసర్ రిపేరుకి, బూత్ ఫిల్టర్లకి అయింది, లెక్కల పుస్తకం ట్రెజరర్ గారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే ఏడాది వెదరింగ్, అంటే మోడల్ ని వాడి పాతబడినట్టు కనిపించేలా చెయ్యడం. అక్రిలిక్ రంగు పూర్తిగా ఆరాక పైన ఎనామెల్ వాష్ (బాగా పల్చగా కలిపిన ఎనామెల్ రంగు) పెట్టి వైట్ స్పిరిట్ తో తుడిస్తే కింద రంగు కదలదు, మొదలు దాంతోనే. కొత్త కిట్ కొనక్కర్లేదు, ఈ స్పిట్‌ఫైర్లే తీసుకురండి, పాడైపోయాయని అటక మీద పెట్టినవి కూడా, వాష్ ముందు వాటి మీదే ట్రై చేద్దాం. నాది ఎలాగూ తెస్తాను.