లేని జీతాన్ని లెక్కపెట్టి పిల్ల అన్నం ఆపొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మామగారి కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాం. మా ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గు టిప్పర్ నడిపేవారు. నెలకు 22 వేలు బ్యాంకులో పడేవి. మే నెలలో నడుము పూస జారి మంచం పట్టారు. ఇక స్టీరింగ్ ముట్టొద్దని డాక్టర్ చెప్పేశారు. నెల తిరక్కముందే ఆ బండికి వేరే డ్రైవర్ వచ్చాడు. అప్పటి నుంచి ఇల్లు నా టిఫిన్ బండి మీదే నడుస్తోంది. ఖర్చులు పోను రోజుకు 250 మిగిలితే గొప్ప. వాన పడితే అదీ లేదు.

ఈ ఏడే మా పెద్దమ్మాయికి నాగపూర్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. ప్రభుత్వ హాస్టల్లో చోటు దొరకలేదు. అలాంటి ఎస్సీ పిల్లలకు మహారాష్ట్రలో స్వాధార్ యోజన ఉంది. నాగపూర్‌లో చదివేవాళ్లకు తిండికి, గదికి, పై ఖర్చులకు కలిపి ఏడాదికి 60 వేలు ఇస్తారు. కుటుంబ ఆదాయం మాత్రం రెండున్నర లక్షలు దాటకూడదు.

తహసీల్ నుంచి వచ్చిన మా ఉత్పన్న దాఖలా (ఆదాయ ధ్రువపత్రం) మీద 2,64,000 అని ఉంది. 22 వేల చొప్పున పన్నెండు నెలలు. లెక్క తప్పని నేననను, మార్చితో ముగిసిన ఏడాదంతా ఆ డబ్బు వచ్చింది. కానీ ఇప్పుడు రావడం లేదు కదా! ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రే కవరు కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్నతను కవరు విప్పను కూడా విప్పలేదు. "పోయిన ఏడాది ఆదాయమే చూస్తాం తాయీ, వచ్చే ఏడు రండి" అన్నాడు.

వచ్చే ఏడు తక్కువ ఆదాయంతో కాగితం వస్తుంది, నిజమే. గది అద్దె ఈ నెల కట్టాలి. అమ్మాయి మెస్‌లో ఒక్క పూటకే రాయించుకుంది. రెండో పూటకు నేను కట్టిచ్చిన సత్తు పిండి తింటోంది. అది పది రోజులకు మించి రాదు.

ఫీజు సంగతి వేరు. ఆదాయం రెండున్నర లక్షలు దాటినా ఎస్సీ పిల్లలకు ఫ్రీషిప్ కింద ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ఆ మేలు మరిచిపోను. అయితే ఫీజు కట్టినంత మాత్రాన పిల్ల కడుపు నిండదు.

మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లో చదివొచ్చాడు. అక్కడి పిల్లలకు చదువు అప్పు ఇచ్చేటప్పుడు కూడా ఇంటి పాత ఆదాయమే చూస్తారట. కానీ అది 15 శాతమో, అంతకన్నా ఎక్కువో పడిపోతే ఈ ఏడాది ఆదాయం అంచనా వేసి చూపి, మళ్లీ లెక్క కట్టించుకోవచ్చట. మనకూ అలాంటి వీలు ఉండాలి. సంపాదించే మనిషి మంచాన పడినా, చనిపోయినా, పత్తి పంట మునిగినా తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) ఇంటికొచ్చి చూసి, ఇప్పటి ఆదాయం రాసివ్వాలి. మా తలాఠీ ఆఫీసు మా ఇంటికి నాలుగు వీధుల దూరం. రేపు మా ఆయన లేచి మళ్లీ పనికి వెళ్తే, ఆ సాయం ఆపేయండి. నేనే వచ్చి చెప్తాను.

జిల్లా సమాజ్ కళ్యాణ్ (సాంఘిక సంక్షేమ) కార్యాలయానికి మరాఠీలో అర్జీ రాయించాను, సోమవారం ఇస్తున్నాను. మా ఊళ్లో ఇలాగే ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే దాఖలా, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని నాతో రండి. గడువు లోపే వెళ్దాం.

— ఒక తల్లి, బల్లార్షా